ఆ మాటే ఎందుకు?

అమెరికాలో హైస్కూలు చదువు చివరి దశకు వచ్చిన విద్యార్థులకు మే నెల పరీక్షల మాసం. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ ఆ నెలలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు జరుపుతుంది. ఇంగ్లీషు భాషకూ, వ్యాసరచనకూ సంబంధించిన పరీక్ష వానిలో ఒకటి. మొదటి గంటలో 45 ప్రశ్నలకు సరైన జవాబులు ఎంచాలి. తరువాతి 2 గంటల 15 నిమిషాలలో మూడు వ్యాసాలు పూర్తిచేయాలి. ఫలితాన్ని 1 నుండి 5 వరకు ఒక అంకెతో తెలియజేస్తారు. 3 వచ్చినా చాలునని కొన్ని కళాశాలలు, 4 గాని 5 గాని రావాలని మరికొన్ని నియమం పెట్టుకొన్నవి. ఆ మెట్టు అందుకొన్న విద్యార్థికి మొదటి సంవత్సరపు ఇంగ్లీషు పాఠం చదివినట్లే లెక్క. ఒక పాఠం తప్పితే దాని రుసుమూ తప్పుతుంది. కనుక ఈ పరీక్షలో విద్యార్థి పరువుతోపాటు తండ్రి సంపాదన కూడా ముడిపడి ఉంటుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ పరీక్షకు కూర్చుంటున్నారు. లెక్కల పుస్తకం తెరిస్తే పక్కన కూర్చుని దారి చూపించే తండ్రి, ఈ పుస్తకం తెరిచేసరికి మెల్లగా లేచిపోతాడు. ఆ పుటలలో కనిపించే పేర్లు అటువంటివి: అనాఫొరా, అనడిప్లోసిస్, కయాస్మస్, జూగ్మా, లైటొటీజ్, మెటానమీ, పాలిసిండిటన్. వీటికి తోడు కఠిన పదాల పట్టికలు. పిల్లలు చిన్న అట్టముక్కలపై ఒకవైపు పేరు, రెండవవైపు నిర్వచనం వ్రాసుకొని రాత్రింబవళ్ళు వల్లిస్తారు. ఇంట్లో పెద్దలు అది తమకు అందని విద్య అనుకొని దూరంగా ఉండిపోతారు.

రెండు వైపులా పొరపాటు ఉన్నది. పిల్లలు నమ్ముకొన్న వల్లింపు వారిని చివరిదాకా తీసుకుపోదు. పెద్దలు తమది కాదనుకొన్న విద్య సగానికి పైగా వారి నాలుక మీదనే ఉన్నది.

మార్కు దేనికి?

ఆ పరీక్షలోని రెండవ వ్యాసం పేరు అలంకార విశ్లేషణ. ఒక ప్రసంగమో, ఉత్తరమో, వ్యాసమో ఇచ్చి, రచయిత తన ఉద్దేశ్యం నెరవేర్చుకొనడానికి ఏయే ఎంపికలు చేశాడో, అవి ఎట్లా పనిచేస్తున్నవో వివరించమంటారు. మొత్తం 6 మార్కులు. అందులో 1 విద్యార్థి నిలబెట్టే ప్రతిపాదనకు, 4 సాక్ష్యానికీ దాని వ్యాఖ్యానానికీ, 1 ఆలోచనలోని లోతుకు. అలంకారం పేరు గుర్తించినందుకు వేరుగా మార్కు లేదు. మంత్రాలకు చింతకాయలు రాలవన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ప్రశ్నలోని 'ఎంపిక' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఎదుట రెండు దారులు ఉన్నప్పుడే ఎంపిక ఉంటుంది. రచయిత ఈ మాట బదులు ఆ మాట వేయగలిగి ఉండీ వేయలేదు. వాక్యాన్ని మరొక విధంగా నడపగలిగి ఉండీ నడపలేదు. ఎందుకు? ఆ ప్రశ్నకు సమాధానమే విశ్లేషణ. పేరు ఆ సమాధానానికి పెట్టుకొనే గుర్తు మాత్రమే.

దీనికి ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. 1963 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ జైలులో ఉన్నాడు. నల్లజాతివారి హక్కుల కోసం ఆయన నడుపుతున్న ప్రదర్శనలు తొందరపాటు చర్యలనీ, ఓపిక పట్టడం మంచిదనీ ఎనిమిదిమంది తెల్లజాతి మతాచార్యులు ఒక ప్రకటన చేశారు. దానికి సమాధానంగా కింగ్ వ్రాసిన బహిరంగ లేఖ, వార్తాపత్రిక అంచులమీద మొదలై, ఏప్రిల్ 16 తేదీతో వెలువడింది. అమెరికా తరగతి గదులలో ఆ లేఖ ఈనాటికీ పాఠ్యాంశం.

ఆ లేఖలో మూడువందలకు పైగా మాటలున్న ఒకే ఒక వాక్యం ఉన్నది. మూకల దౌర్జన్యాన్ని చూసినప్పుడు, వినోదోద్యానంలోకి నల్లపిల్లలకు ప్రవేశం లేదని చిన్న కూతురికి చెప్పలేక నాలుక తడబడినప్పుడు, దారిలో ఏ వసతి గృహమూ చోటివ్వక రాత్రివేళ కారులోనే ముడుచుకొని పడుకోవలసి వచ్చినప్పుడు అంటూ వాక్యం సాగిపోతుంది. ఉపవాక్యం వెనుక ఉపవాక్యం వస్తుందే గాని ప్రధాన వాక్యం రాదు. చదివేవాడికి ఊపిరి సలపదు. ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూస్తాడు. చిట్టచివర ఒక చిన్న వాక్యఖండం వచ్చి, ఎదురుచూడడం ఎందుకంత కష్టమో ఇప్పుడు తెలుస్తుందని చెప్పి ఆగిపోతుంది.

దీనిని ఇద్దరు విద్యార్థులు విశ్లేషించారనుకొందాం. మొదటివాడు, కింగ్ ఇక్కడ అనాఫొరానూ, పీరియాడిక్ వాక్యాన్నీ ప్రయోగించి తన రచనను బలవత్తరం చేశాడని వ్రాస్తాడు. రెండు పేర్లూ సరైనవే. చెప్పింది మాత్రం శూన్యం. 'బలవత్తరం' అన్న మాటను ఏ రచన ప్రక్కనైనా అతికించవచ్చు. రెండవవాడికి పేర్లు గుర్తు రాలేదు. కాని అతడు ఇట్లా వ్రాశాడు: ఓపిక పట్టండని చెప్పినవారిచేత కింగ్ ఓపిక పట్టిస్తున్నాడు. మూడువందల మాటలపాటు వారిని నిలబెట్టి, నిరీక్షణ అంటే ఏమిటో వారి ఊపిరికి తెలియజేస్తున్నాడు. వాదనలో చెప్పదలచుకొన్నదాన్ని వాక్య నిర్మాణమే చేసి చూపిస్తున్నది.

మార్కు ఎవరికి దక్కుతుందో చెప్పనక్కరలేదు. ఆ రెండవ విద్యార్థికి పేర్లు కూడా తెలిసి ఉంటే నాలుగు మాటలలో చెప్పవలసినది ఒక మాటలో చెప్పి, మిగిలిన సమయాన్ని ఆలోచనకు వినియోగించేవాడు. పేరు వలన కలిగే లాభం అంతవరకే. అయినా అది చిన్న లాభం కాదు.

ఆంగ్లేయుడికీ పరాయి పేర్లే

ఈ పేర్లు తెలుగు పిల్లలకే కాదు, ఒకప్పుడు ఆంగ్లేయులకు కూడా నోరు తిరగలేదు. ఇవి గ్రీకు, లాటిన్ పాఠశాలల నుండి ఇంగ్లండుకు వలస వచ్చినవి. 1577లో హెన్రీ పీచమ్ అలంకారాలను ఇంగ్లీషులో వివరిస్తూ ఒక గ్రంథం వెలువరించాడు. 1589లో వచ్చిన మరొక గ్రంథం ఇంకొక అడుగు ముందుకు వేసింది. దానిపై కర్త పేరు లేదు. జార్జ్ పుట్టెన్‌హమ్ వ్రాసినదని పండితుల అభిప్రాయం. గ్రీకు పేర్లు తన దేశస్థుల నోటికి ఎక్కవని తలచి, ఒక్కొక్క అలంకారానికీ ఆయన ఇంటి పేరు పెట్టాడు. ఆ పేర్లను తెలుగులో చెప్పుకొంటే ఐరనీ 'పొడి ఎగతాళి' అవుతుంది. సార్కాజమ్ 'చేదు దెప్పు'. హైపర్బొలీ 'హద్దు మీరినవాడు', మరొక పేరు 'గొంతు పెద్ద అబద్ధాలకోరు'. ఒకే మాటను వెంటవెంటనే పలికే ఎపిజూక్సిస్ 'కోకిల కూత'.

ఇంతటి ముచ్చటైన పేర్లు నిలవలేదు. పండితులు గ్రీకు పేర్లనే వాడుతూ వచ్చారు. కాని పుట్టెన్‌హమ్ చేసిన పనిలో ఒక కిటుకు ఉన్నది. ఆయన పెట్టిన పేరు వినగానే అలంకారం ఏం చేస్తుందో కంటికి కనబడుతుంది.

నిజానికి గ్రీకు పేర్లూ అటువంటివే. విప్పి చూసేవారు లేక రాళ్ళవలె కనిపిస్తున్నవి. అనాఫొరా అంటే వెనుకకు మోసుకుపోవడం. ప్రతి వాక్యమూ అదే మాటతో మొదలై పాఠకుడిని మళ్ళీ మొదటి చోటికే తీసుకుపోతుంది. కయాస్మస్ పేరు గ్రీకు లిపిలోని కై అనే అక్షరం నుండి వచ్చింది. ఆ అక్షరం ఇంటూ గుర్తువలె ఉంటుంది. బ్రతకడానికి తినాలి గాని తినడానికి బ్రతకరాదన్న మాటలో రెండు పదాలు ఒకదాని చోటికి మరొకటి దాటిపోతున్నవి. గీసి చూస్తే ఆ ఇంటూ గుర్తే వస్తుంది. ఆక్సిమొరాన్ అంటే 'వాడియైన మొద్దు'. పేరులోనే విరోధం ఉన్నది.

జూగ్మా అంటే కాడి. రెండు ఎద్దులకు ఒకే కాడి ఉన్నట్లు, రెండు నామాలకు ఒకే క్రియ. సంస్కృత 'యోగం', ఇంగ్లీషు 'యోక్', గ్రీకు 'జూగ్మా' ఒకే ధాతువు సంతానం. ఇటువంటి నడకకే భారతీయ ఆలంకారికులు మరొక బొమ్మను ఎన్నుకొన్నారు. గడపమీద పెట్టిన దీపం గదికీ, వాకిలికీ ఒకేసారి వెలుగునిస్తుంది. ఒక్క పదం రెండు వైపులకూ వెలుగు చిమ్మితే అది దీపకం. భరతుని నాట్యశాస్త్రం పేర్కొన్న అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. అంత పాతది ఈ దీపం. కాడి అన్నా, దీపమన్నా పేరు పెట్టినవారు చూసింది పనినే.

ఇంట్లో ఉన్న నిధి

ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు అలంకారశాస్త్రం వ్రాసిన కాలం నుండి ఈ విద్య తెలుగునేల మీద వేళ్ళూనింది. పండితుల సంగతి అట్లా ఉంచితే, పదవ తరగతి తెలుగు వాచకం చదివిన ప్రతివారూ ముక్తపదగ్రస్తం పేరు వినే ఉంటారు. ఒక పాదం విడిచిన పదాన్ని తరువాతి పాదం అందుకొంటుంది. అనడిప్లోసిస్ అంటే సరిగ్గా అదే. పదవ తరగతితో ఆ పేరు మరచిపోయిన తండ్రి, కూతురి చేతిలోని అట్టముక్కను చూసి భయపడుతున్నాడు.

శాస్త్రం మరచినా వాడుక మరువలేదు. కుండ పగులగొట్టిన పిల్లవాణ్ణి చూసి 'ఎంత బుద్ధిమంతుడివి నాయనా!' అనే తల్లి ఐరనీ ప్రయోగిస్తున్నది. ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకొన్నాయి' అంటారు; దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటారు; ప్రయాణమయ్యేవారు 'వెళ్తాను' అనక 'వెళ్ళొస్తాను' అంటారు. ఇంగ్లీషు పుస్తకం దీనిని యూఫమిజం అంటుంది. 'లేకపోలేదు', 'తెలియకపోలేదు' అని రెండు వ్యతిరేకాలతో మెల్లగా ఒప్పుకొనడమే లైటొటీజ్. ఇవి చదువుకొన్నవారి సొత్తు కావు. సంతలో బేరమాడేవారి నోట కూడా వినవచ్చు.

ఐతే రెండు శాస్త్రాలనూ గుడ్డిగా జతపరచకూడదు. వ్యాజస్తుతి ఐరనీలో ఒక భాగమే. ఐరనీ పరిధి అంతకంటె పెద్దది. మెటానమీని భారతీయులు అలంకారాలలో చేర్చలేదు. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని గ్రహించే శక్తిని వారు 'లక్షణ' అని వేరుగా విచారించారు. ఈ తేడాలు కూడా విద్యార్థికి ఉపకరించేవే. రెండు కొలబద్దలున్నవాడు వస్తువును మరింత నిదానించి చూస్తాడు.

అంతకంటె ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉన్నది. తెలుగులో క్రియ వాక్యం చివర రావడం సహజం. 'చూసినప్పుడు, విన్నప్పుడు' అని ఎన్ని ఉపవాక్యాలు పేర్చినా తెలుగు పాఠకుడు ఉక్కిరిబిక్కిరి కాడు. క్రియ కోసం ఆగడం అతడికి అలవాటే. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ వస్తుంది. దానిని మూడువందల మాటల దూరం నెట్టడం అసాధారణం. కింగ్ వాక్యాన్ని తెలుగులోకి ఉన్నదున్నట్లు దించితే మాటలన్నీ వస్తాయి గాని ఊపిరాడని ఆ స్థితి రాదు. అట్లాగే 'అన్నమూ, పప్పూ, కూరా' అని ప్రతి మాటకూ సముచ్చయం చేర్చడం తెలుగువారికి మామూలు. ఇంగ్లీషు రచయిత ప్రతి వస్తువుకూ ముందు 'అండ్' వేసుకొంటూ పోతే మాత్రం అది గమనించవలసిన విశేషం. దాని పేరే పాలిసిండిటన్.

ఒక భాషలో అలవాటైనది మరొక భాషలో ఎంపిక అవుతుంది. రెండు భాషలు ఎరిగిన విద్యార్థికి ఈ సంగతి కనబడినంత సులభంగా ఒకే భాష ఎరిగినవారికి కనబడదు. తెలుగు తనకు అడ్డంకి అనుకొనే పిల్లవాడి చేతిలోనే ఈ దుర్భిణి ఉన్నది.

పట్టికలోని మొదటి అక్షరం

కఠిన పదాల విషయానికి వస్తే, ఈ వ్యాధి అమెరికాకే పరిమితం కాదు. పై చదువులకు విదేశాలు వెళ్ళదలచి జీఆర్ఈ వ్రాసే తెలుగు యువకులకు బారన్స్ వారి 3500 పదాల పట్టిక చిరపరిచితం. అకారాది క్రమంలో ఉన్న ఆ పట్టికను ఎందరో ఉత్సాహంగా మొదలుపెడతారు. వారిలో చాలామందికి 'ఏ' అక్షరపు మాటలు కరతలామలకం. 'ఎమ్' దగ్గర నీరసం. 'టి' దాకా పోయినవారు అరుదు. అబేస్, అబాష్, అబేట్ అని వరుసగా వల్లించగలవారు ఆ మూడింటికీ వాక్యాలు చెప్పమంటే ఒకదానిని మరొకదానితో కలిపేస్తారు. అచ్చులో పక్కపక్కన ఉన్నవి బుర్రలో కూడా పక్కపక్కనే ఇరుక్కొన్నవి.

పరీక్షలు జరిపేవారు కూడా ఈ పద్ధతి లోపాన్ని గ్రహించారు. 1926లో మొదలైన శాట్ పరీక్ష నుండి వ్యతిరేకపదాల ప్రశ్నలను 1994లోను, పదసంబంధాల ప్రశ్నలను 2005లోను, ఖాళీలు పూరించే ప్రశ్నలను 2016లోను తొలగించారు. జీఆర్ఈ నుండి వ్యతిరేకపదాలూ, పదసంబంధాలూ 2011లో నిష్క్రమించాయి. ఒంటరి మాటకు అర్థం అడగడం తగ్గి, వాక్యంలో నిలిచిన మాట ఏం చేస్తున్నదని అడగడం పెరిగింది.

వల్లించిన మాట ఎందుకు నిలవదో 1885లో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు లెక్క కట్టాడు. అర్థంలేని అక్షరగుచ్ఛాలను తానే కంఠస్థం చేసి, కొంతకాలానికి వాటిని మళ్ళీ నేర్చుకొనడానికి ఎంత శ్రమ పడుతుందో కొలిచాడు. గంట గడిచేసరికే మొదటి శ్రమలో సగానికి పైగా వృథా అయింది. ఒక రోజుకు దాదాపు మూడింట రెండు వంతులు. నెల రోజులకు ఐదింట నాలుగు వంతులు. అదే పరిశోధనలో ఆయన బైరన్ కావ్యంలోని చరణాలు కూడా నేర్చుకొని చూశాడు. అంత పరిమాణమే ఉన్న అర్థరహితమైన అక్షరాలకు పట్టిన శ్రమలో వాటికి పట్టింది సుమారు పదవ వంతు మాత్రమే. మనస్సు అర్థాన్ని పట్టుకొన్నంత సులభంగా చప్పుడును పట్టుకోదు.

భారతదేశపు పూర్వులు వల్లింపును వదలలేదు. కాని వారు వల్లించిన అమరకోశం అకారాదిగా లేదు. స్వర్గానికి సంబంధించిన మాటలు ఒకచోట, భూమికి సంబంధించినవి ఒకచోట, మనుష్యులకు సంబంధించినవి ఒకచోట. అది వర్గాలుగా అమర్చిన కోశం. ఒక మాట వెంట దాని చుట్టాలు వరుసగా వస్తారు. కంఠస్థం చేసినా అర్థమనే తీగ తెగిపోదు.

చుట్టరికాలు, స్వభావాలు

తెలుగు విద్యార్థి ఇంగ్లీషు మాటల చుట్టరికాలను కూడా పట్టుకోగలడు. గ్రీకు, లాటిన్, సంస్కృత భాషలకు మూలం ఒక్కటేనని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ప్రతిపాదించాడు. తెలుగు ఆ కుటుంబానికి చెందకపోయినా, తెలుగులోకి వచ్చిన తత్సమాల ద్వారా ఆ బంధుత్వం అందుబాటులోకి వచ్చింది. అనానిమస్‌లో 'అనామ' ఉన్నది. ఇగ్నరెన్స్‌లో 'జ్ఞా' ధాతువు ఉన్నది. మోర్టల్‌లో 'మృత' ఉన్నది. మెటఫర్ లోని 'ఫర్', ట్రాన్స్‌ఫర్ లోని 'ఫర్', భారంలోని 'భర్' ఒక తల్లి బిడ్డలే. అన్నిటిలోను మోయడమనే అర్థం. ఒక చోటి అర్థాన్ని మరొక చోటికి మోసుకుపోయేది మెటఫర్. ఈనాటి గ్రీసు దేశంలో సామాను చేరవేసే లారీల మీద కూడా ఆ మాటే కనిపిస్తుంది.

పోలిక ఉన్న ప్రతిదీ చుట్టం కాదని కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి. లోకల్ అన్న ఇంగ్లీషు మాటకూ, లోకం అన్న మాటకూ ఏ సంబంధమూ లేదు. అనుమానం కలిగినప్పుడు నిఘంటువు తెరవడమే మార్గం.

చుట్టరికం తెలిశాక స్వభావం తెలియాలి. థ్రిఫ్టీ, ఫ్రూగల్, పార్సిమోనియస్, మైజర్లీ అన్న నాలుగింటికీ పట్టికలో ఇంచుమించు ఒకే అర్థం కనిపిస్తుంది. డబ్బు ఖర్చుచేయనివాడు అందరిలోను ఉన్నాడు. కాని మొదటి రెండూ పొదుపరిని మెచ్చుకొనే మాటలు. తరువాతి రెండూ ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడిని ఈసడించే మాటలు. రచయిత తన పాత్రను ఫ్రూగల్ అన్నాడా, పార్సిమోనియస్ అన్నాడా అన్నదానిలోనే అతడి తీర్పు దాగి ఉంటుంది. పరీక్షలో 'టోన్' అని అడిగేది దీనినే.

దీనికి తెలుగు పిల్లలకు ప్రత్యేకమైన శిక్షణ అక్కరలేదు. ఒక మనిషి మరణాన్ని 'కన్నుమూశాడు' అన్నా, 'కాలం చేశాడు' అన్నా, 'పరమపదించాడు' అన్నా, 'చచ్చాడు' అన్నా వార్త ఒక్కటే. ఏ ఇంట్లో ఏ మాట వాడాలో తెలుగువారికి ఎవరూ పట్టిక ఇచ్చి నేర్పలేదు. ఆ చెవినే ఇంగ్లీషు వైపు తిప్పాలి.

ఆచరణలో ఏం చేయాలి?

రోజుకు నూరు మాటలు మింగడం కంటె పది మాటలు జీర్ణించుకొనడం మేలు. ఒక్కొక్క మాటకు నోటుపుస్తకంలో నాలుగు గదులు చాలు. మొదటి గదిలో ఆ మాట కనిపించిన వాక్యం. రెండవ గదిలో దానికి దగ్గరైన తెలుగు మాట. అది మెచ్చుకోలో, ఈసడింపో, తటస్థమో చెప్పే గుర్తుతో సహా. మూడవ గదిలో దాని చుట్టాలు. నాలుగవ గదిలో విద్యార్థి సొంత వాక్యం. అలంకారమైతే నాలుగవ గదిలో ఒక ప్రశ్న కూడా చేరాలి: దీనిని తీసివేసి మామూలుగా చెప్పి ఉంటే ఏం పోయేది?

పునశ్చరణ ఒక రోజుకు, మూడు రోజులకు, వారానికి, నెలకు అని ఎడం పెంచుకొంటూ పోవాలి. చేసేటప్పుడు పుస్తకం మూసి ఉండాలి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికను మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికి ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో పైచేయి దక్కింది. వారం తరువాత పెట్టిన పరీక్షలో, పుస్తకం మూసి జ్ఞాపకం తెచ్చుకొనే అభ్యాసం చేసినవారిదే పైచేయి అయింది. పరీక్ష ఐదు నిమిషాలలో రాదు. మే నెలలో వస్తుంది.

ఒక చిన్న పరీక్ష

ఈ క్రింది ఐదు వాక్యాలలోను ఏ అలంకారం ఉన్నదో, అది ఏం చేస్తున్నదో ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించవచ్చు.

1. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు.
2. ఆ ఏడాది అతడు పొలాన్నీ, స్నేహితుణ్ణీ పోగొట్టుకొన్నాడు.
3. చదువుకోసం అప్పు, అప్పుకోసం ఉద్యోగం, ఉద్యోగంకోసం వలస.
4. ఆ సంగతి అతడికి తెలియకపోలేదు.
5. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు.

జవాబులు: 1. హైపర్బొలీ, దానితోపాటు యాంటిథెసిస్. కోటకూ గడపకూ ఉన్న అంతరమే డాంబికుడి కొలత. 2. జూగ్మా. ఒకే క్రియ కింద పొలమూ స్నేహితుడూ నిలిచారు. పొలం తగాదాలోనే స్నేహం పోయిందేమోనన్న అనుమానాన్ని వాక్యం చెప్పకుండానే కలిగిస్తున్నది. 3. అనడిప్లోసిస్, అనగా ముక్తపదగ్రస్తం. ఒక కొక్కెం మరొక కొక్కేనికి తగిలి గొలుసు అయింది. మనిషి దానిలో చిక్కుకొన్నాడు. 4. లైటొటీజ్. 'తెలుసు' అంటే సమాచారం. 'తెలియకపోలేదు' అంటే తెలిసీ ఊరుకొన్నాడన్న నింద. 5. ఎపిస్ట్రొఫీ. ఒకే మాట రెండు సార్లు చివర పడి, సలహా కాస్తా సవాలు అయింది.

ఈ జవాబులలో పేరు మొదటి మాటతోనే అయిపోయింది. తరువాతి మాటలన్నీ 'ఎందుకు' అన్న ప్రశ్నకు సమాధానాలే. పరీక్షలో మార్కులు ఉన్నది ఆ భాగంలోనే. ఆ భాగంలో తండ్రి, తల్లి, తాత, అమ్మమ్మ కూడా పాల్గొనవచ్చు; వారి ఇంగ్లీషు ఎటువంటిదైనా సరే. బియ్యం నిండుకొన్నాయని ఎందుకంటారో అమ్మమ్మ చెప్పగలదు. దానికి గ్రీకు పేరేమిటో మనుమరాలు చెప్పగలదు. ఇద్దరి చేతులలోను చెరి సగం విద్య ఉన్నది. కలిపితేనే అది పూర్తి విద్య.

పరీక్ష ఒక్క ఉదయంతో ముగుస్తుంది. వచ్చిన అంకెను కొన్నేళ్ళకు ఎవరూ అడగరు. కాని నాయకుడి ఉపన్యాసంలోను, వ్యాపారి ప్రకటనలోను, పత్రిక శీర్షికలోను ఒక మాట ఎదురైనప్పుడు, 'ఆ మాటే ఎందుకు వేశారు?' అని ఆగి అడిగే అలవాటు మాత్రం విద్యార్థి వెంట జీవితాంతం నడుస్తుంది. ఆ అలవాటు ఉన్నవాణ్ణి మాటలతో మోసగించడం అంత తేలిక కాదు.